నా మీద పడిన పేడనీళ్ళు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎదుటివాడికి మన మాట అర్థం కాలేదంటే మనం గట్టిగా చెప్పలేదని అర్థం. ఇరవై మూడేళ్ళ వయసు, కొత్తగా చేతికొచ్చిన టీచరు ట్రైనింగు సర్టిఫికెట్టు, సముద్రం ఒడ్డు ఊళ్ళో హోరుగాలికి ఎదురు అరిచి అరిచి పెరిగిన గొంతు, ఈ మూడూ కలిస్తే ప్రపంచంలో ఏ పిల్లాడికైనా ఎక్కాలు వచ్చి తీరతాయనుకున్నాను. తొంభైల మధ్యలో నాకు హుకుంపేట అవతల కొండమీద ఒక ఊళ్ళో పోస్టింగు ఇచ్చారు. జీపు దిగి రెండు గంటలు నడవాలి. ఒకే గది బడి, ఒకే మాస్టారు, ముప్ఫై ఇద్దరు పిల్లలు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది కువి. నాకు అందులో ఒక్క ముక్క రాదు. పుస్తకాలన్నీ తెలుగులో. వాళ్ళకు తెలుగు రాదు. ఈ చిన్న ఇబ్బంది గురించి ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు (చెప్పిన రోజు నేను సినిమాకి వెళ్ళి ఉండవచ్చు, ఆ అవకాశాన్ని కాదనను).

అయినా మొదటి ఆరునెలలు నా అంత గొప్ప ఉపాధ్యాయుడు కొండమీదే కాదు, కిందా లేడనుకున్నాను. నేను ఏది చెబితే అది పిల్లలు అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాళ్ళు. "ఆవు సాధు జంతువు" అంటే ముప్ఫై రెండు గొంతులు "ఆవు సాధు జంతువు" అనేవి. "అర్థమైందా?" అంటే "అర్థమైందీ సార్!" అని పైకప్పు రేకులు అదిరిపోయేవి. ఆ కేక వినడం కోసమే రోజుకు ఇరవై సార్లు అడిగేవాడిని. మా అన్నయ్యకు ఉత్తరం కూడా రాశాను, ఇక్కడి పిల్లలు చురుకు, చెప్పింది చెప్పినట్టే పట్టేస్తారు అని. అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు.

వానాకాలం చివర ఒకరోజు నాకు చలిజ్వరం వచ్చింది. నా కాపురం బడిగదిలోనే ఒక మూల, తడిక అవతల. పది గంటలకు పిల్లలు వచ్చి వరసగా కూర్చున్నారు. నేను రెండు దుప్పట్లు కప్పుకుని పడుకునే ఉన్నాను. నాలుక పిడచకట్టుకుపోయింది. "ఒరే, ఎవరైనా కాసిని నీళ్ళు తెస్తారా?" అన్నాను. వెంటనే తడిక అవతల నుంచి ముప్ఫై రెండు గొంతులు ఎంతో శ్రద్ధగా, "ఒరే, ఎవరైనా కాసిని నీళ్ళు తెస్తారా?" అన్నాయి. నాకు ఒళ్ళు మండింది. "నీళ్ళు! నీళ్ళు!" అని అరిచాను. "నీళ్ళు! నీళ్ళు!" అని వాళ్ళూ అరిచారు, నాకంటే చక్కని ఉచ్చారణతో. చివరికి నేనే గోడ పట్టుకుని లేచి, కుండలో ముంచుకుని తాగి, గ్లాసు చేత్తో పట్టుకుని వాళ్ళవైపు చూశాను. ఇవాళ్టి పాఠం బాగా వచ్చిందన్న సంతోషంతో అందరూ నావైపే చూస్తున్నారు. అప్పుడైనా నాకు తెలియాల్సింది. తెలియలేదు. జ్వరం తగ్గాక నాకు తోచిన కారణం వేరు. బళ్ళో వాళ్ళు కువి మాట్లాడుకుంటున్నారు కాబట్టే తెలుగు ఒంటబట్టడం లేదని.

ఆ మర్నాడే ఒక చట్టం చేశాను. పగిలిన పలకొకటి ఉంటే దానికి తాడు కట్టాను. బళ్ళో ఎవరు కువి మాట్లాడితే వాళ్ళ మెడలో ఆ పలక పడుతుంది. ఇంకొకరు మాట్లాడితే వాళ్ళ మెడలోకి మారుతుంది. కానీ అది పెద్దగా మారేది కాదు. ఎప్పుడు చూసినా ఒకే పిల్ల మెడలో ఉండేది. నాలుగో తరగతి చదివే ఆ పిల్ల ఎప్పుడూ లెక్కల వేళే దొరికిపోయేది కాబట్టి నేను లెక్కల గుంట అనేవాడిని. నల్లబల్ల మీద నేను అంకెలతో లెక్క వేసి వెనక్కి తిరిగేలోపు వెనకవరస చిన్నపిల్లల దగ్గరికి జరిగి, చేతులు తిప్పుతూ వాళ్ళ భాషలో ఏదో గుసగుసలాడేది. నేను పలక వేసేవాడిని. మళ్ళీ గుసగుస. రెండు వారాలకు ఆ పిల్ల కూడా నోరు మూసుకుంది. బడి నిశ్శబ్దమైపోయింది. నేను పొంగిపోయాను. ఆ గదిలో అన్నాళ్ళూ పాఠం చెబుతున్నది ఎవరో, నేను మెడకు పలక కట్టి ఆపింది ఏమిటో ఊహించనైనా లేదు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

నాలుగు గంటలకు వాళ్ళు వెళ్ళిపోయాక ఇక ఆ నిశ్శబ్దం నాది. కొండల మీద పొద్దు బేగి పోతుంది. కిరసనాయిలు స్టవ్వు ముందు కూర్చుని దానితోనే మాట్లాడేవాడిని. బెల్లం పొట్లం కట్టిన కాగితం విప్పి, అటూ ఇటూ చదివి, మడతపెట్టి దాచుకుని మర్నాడు మళ్ళీ చదివేవాడిని. ఊళ్ళో మనుషులు ఎదురైతే నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాడిని, అంతే. తెలుగు వచ్చినవాడు ఒక్క కాఫీ తాత. అరకు దగ్గర కాఫీ తోటల్లో చాన్నాళ్ళు కూలి చేసి వచ్చినవాడు. వారానికోసారి వచ్చి బడి గడపమీద కూర్చునేవాడు. ఆయన రాలేదంటే ఆ వారం నా తెలుగు వినే పెద్దమనిషి లేనట్టే. చుట్టూ అంతమంది ఉండి ఒక్క మాటా అందకపోతే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నా ముందు పదినుంచి నాలుగుదాకా ముప్ఫై ఇద్దరు అలాగే కూర్చుంటున్నారని మాత్రం తెలియలేదు.

ఫాల్గుణంలో కాబోలు, లెక్కల గుంట తల్లి కాఫీ తాతను వెంటబెట్టుకుని వచ్చింది. సంతలో అల్లం అమ్ముతుంది కాబట్టి ఆవిడకు సంత తెలుగు కొంచెం వచ్చు. గురుకులంలో అయిదో తరగతికి పరీక్ష పెడతారని ఎవరో చెప్పారట.

"మాస్టారూ, నా గుంటని ఆ పరీచ్చకి తీసుకెళ్ళు" అంది. తర్వాత మాట తెలుగులో రాలేదు. తాతవైపు చూసి కువిలో చెప్పింది.

"ఈ యమ్మ మొగుడు కింద ఆస్పత్రిలో పోనాడు బాబూ," అన్నాడు తాత. "నొప్పెక్కడని డాట్రుబాబు అడగతన్నాడు, ఆడు సెప్తన్నాడు. ఆడి మాట ఈయనకి రాదు, ఈయన మాట ఆడికి రాదు. ఈ యమ్మ మజ్జిన నిలబడి సూసింది. మన మాట ఆళ్ళకీ, ఆళ్ళ మాట మనకీ సెప్పీ మనిషి ఒక్కరుండాల, అది నా గుంటే అవ్వాల అంటంది."

"నాది పూచీ అమ్మా," అన్నాను, గుండెమీద చెయ్యి వేసుకుని. (ఆ వయసులో పూచీలు చాలా సులువుగా వస్తాయి.) నెలరోజులు ఆ పిల్ల చేత పుస్తకమంతా వల్లె వేయించాను. ఎక్కడ అడిగితే అక్కడ ఆపకుండా చెప్పేది.

పరీక్ష సరిగ్గా ఇటుకల పండగ రోజుల్లో పడింది. చైత్రంలో వచ్చే ఆ పండగకు మగవాళ్ళంతా అడవికి వేటకు పోతారు, ఆడవాళ్ళు ఊరి మొగలో దారికి అడ్డంగా కర్ర కట్టి, పాటలు పాడుతూ, వచ్చేపోయేవాళ్ళను ఆపి ఆటపట్టిస్తారు. తెల్లవారుతూనే నేను, లెక్కల గుంట, తోడుకు కాఫీ తాత బయలుదేరాం. కర్ర దగ్గర మమ్మల్ని ఆపారు. అందరూ ఒక్కసారి ఏదో అని పగలబడి నవ్వారు.

"ఏటంటన్నారు తాతా?"

"మాస్టారు కూడా ఏటకెళ్తన్నాడు, ఏటి తెస్తాడో సూత్తాం అంటన్నారు బాబూ. ఒట్టి సేతుల్తో వొస్తే మాత్రం ఊరుకోరు. పేడనీళ్ళు కలిపి ఉంచుతారు."

"నేను వట్టి చేతులతో వచ్చేవాడిలా ఉన్నానా?" అన్నాను. తాత మర్యాదస్తుడు, నా చేతులవైపు చూడకుండా ముందుకు నడిచాడు.

పరీక్ష అయింది. లెక్కల గుంట గది బయటికి వెలుగుతున్న ముఖంతో వచ్చి, "అన్నీ రాశాను సార్!" అంది. ముగ్గురికీ పకోడీలు కొన్నాను. తిరుగుదారిలో సగం కొండ ఎక్కాక వాగు దగ్గర కూర్చున్నాం. ఊరికే ఉండలేక, "మొదటి లెక్కకు ఏం రాశావే?" అన్నాను.

ఆ పిల్ల లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "నలుగురు అన్నదమ్ములు యాభై రెండు మామిడిపండ్లను సమానంగా పంచుకొనిన ఒక్కొక్కరికి ఎన్ని వచ్చును?" అంది.

"అది ప్రశ్న. నువ్వు రాసింది చెప్పు."

మళ్ళీ అదే చెప్పింది, ఇంకొంచెం గట్టిగా. రెండోది అడిగాను. రెండో ప్రశ్న అప్పజెప్పింది. మూడోదీ అంతే. పది ప్రశ్నలనూ గుండ్రని అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా జవాబు కాగితం మీద దించి వచ్చింది. నేను పకోడీ పొట్లం పక్కన పెట్టాను. నీళ్ళు తెస్తారా అని అడిగిన రోజు, నా మాటే నా మీదికి తిరిగొచ్చిన రోజు, కళ్ళముందు నిలబడింది. మాస్టారు ఇచ్చినదాన్ని మాస్టారికే చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వడమే చదువని ఏడాదిగా నేర్పింది నేనే. ఆ పిల్ల నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేసింది.

"తాతా, ఆ మామిడిపండ్ల లెక్క మీ మాటలో అడుగు," అన్నాను.

తాత నోరు మూసేలోపే ఆ పిల్ల పది వేళ్ళు చూపించి, తర్వాత మూడు చూపించింది. పదమూడు. నీళ్ళతొట్టి లెక్క అడిగించాను, తొట్టిని కుండ చేసి అడిగాడు, చెప్పేసింది. ఆరు గంటల్లో రెండువందల నలభై కిలోమీటర్లు పోయే బస్సు దగ్గర తాతకే అనుమానం వచ్చింది.

"ఏ బస్సు బాబూ? గాటీ మీదిదా, కిందదా? గాటీ మీద అంత బేగి పోదు."

"ఏదో ఒక బస్సు తాతా, అడుగు!"

అడిగాడు. పిల్ల ఏదో తిరిగి అడిగింది. "మజ్జిలో టీకి ఆపుతాడా అని అడగతంది," అన్నాడు తాత. ఆపడని చెప్పించాను. నలభై, అంది. పదికి పదీ చెప్పింది, వాగులో కాళ్ళు ఆడిస్తూ, పకోడీ నములుతూ. నవ్వుతూనే ఉంది. నేను ఏడాదిలో ఎప్పుడూ వినని గొంతు అది. నేను మెడకు పలక కట్టిన గొంతు.

ఊరి మొగకు చేరేసరికి ఇంకా వెలుతురుంది. వేటకు వెళ్ళి వట్టి చేతులతో వచ్చిన అయిదారుగురు మగవాళ్ళు అప్పటికే పేడనీళ్ళలో తడిసి ఒక పక్కన నిలబడి ఉన్నారు. కర్ర అవతల ఆడవాళ్ళు, ముందు వరసలో లెక్కల గుంట తల్లి.

"ఏటి తెచ్చినావు మాస్టారూ?"

ఫలితాలు రావడానికి ఇంకా నెల పడుతుందని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ నా ముఖంలోకి చూసి అడగడం లేదు, నా చేతులవైపు చూస్తోంది. "ఏమీ తేలేదమ్మా," అన్నాను. "గుంట తప్పు కాదు. దానికి అన్నీ వచ్చు. దానికి వచ్చిన మాటలో నేను చెప్పలేదు. తాతా, ఉన్నదున్నట్టు చెప్పు." తాత చెప్పాడు. పలక సంగతి కూడా పిల్ల తనే చెప్పిందనుకుంటాను, మెడమీద చెయ్యి పెట్టి చూపించింది. నవ్వులు ఆగాయి. తల్లి కూతురి మెడవైపు చూసింది. తర్వాత వంగి, కుండ రెండు చేతులా ఎత్తి, తొందర లేకుండా నా నెత్తిమీద గుమ్మరించింది.

పేడనీళ్ళు చల్లగా ఉంటాయి. చొక్కా లోపలికి వెళ్ళేటప్పుడు గడ్డిపోచలు గుచ్చుకుంటాయి. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఆ తడిసిన మగవాళ్ళు కొంచెం పక్కకు జరిగి వరసలో నాకు చోటిచ్చారు. ఒకాయన నా భుజం తట్టి ఏదో అన్నాడు. అర్థం కాలేదు, అయినా నవ్వాను. ఆ ఊరికి వచ్చాక ఒంటరిగా కాకుండా నేను నిలబడిన మొదటి సాయంత్రం అదే, ముక్కు మీంచి పేడ కారుతూ.

సోమవారం బళ్ళో పలక తీసి తాడు విప్పేశాను. లెక్కల గుంటను నా స్టూలు మీద కూర్చోబెట్టి నేను కింద కూర్చున్నాను. కువిలో నీళ్ళు అడగడం ఎలాగో చెప్పమని కుండ చూపించాను. ఆ పిల్ల చెప్పింది, నేను తిరిగి చెప్పాను, ముప్ఫై ఒక్కరూ కిందపడి దొర్లారు. నాకు అది సరిగ్గా నోరు తిరగడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నన్ను ఎవరూ కొట్టలేదు, నా మెడలో ఎవరూ ఏమీ వేయలేదు.

కథ ఇక్కడ బాగుపడాలి, కానీ పూర్తిగా బాగుపడలేదు. ఆ సీటు ఇంకో ఊరి పిల్లకు వెళ్ళింది. మరుసటి ఏడు వయసు దాటిందన్నారు. నాకు రెండేళ్ళకు బదిలీ వచ్చింది. చాన్నాళ్ళ తర్వాత, రెండువేలు దాటాక, అరకు సంతలో కాఫీ తాత కనిపించాడు. లెక్కల గుంట ఆలస్యంగా ఆశ్రమ పాఠశాలలో చేరి ఎలాగో పది పూర్తి చేసిందట. ఇప్పుడు ఆస్పత్రిలో పని, కొండమీది మాట డాక్టరుకు చెబుతుందట. "నీ సలవే బాబూ," అన్నాడు. ఆయన మర్యాదస్తుడని ముందే చెప్పాను. నా వల్ల ఆ పిల్ల పైకి రాలేదు, నన్ను దాటుకుని వెళ్ళింది.

ఇప్పుడు నేను మళ్ళీ సముద్రం ఒడ్డునే ఉంటున్నాను. కువి దాదాపు అంతా మరిచిపోయాను, నీళ్ళు అడిగే ఆ ఒక్క ముక్క తప్ప. మొన్న వానలకు జ్వరం వచ్చి మగతగా పడుకుని ఉండగా అదే ముక్క నోట్లోంచి వచ్చేసింది. మా ఆవిడ పక్కగదిలోంచి వచ్చి, "ఏమిటండీ, ఏం కావాలి?" అంది. మళ్ళీ అదే అన్నాను. "ఏమిటో కలవరింతలు," అని దుప్పటి సర్ది వెళ్ళిపోయింది. ఇంకొంచెం గట్టిగా చెబితే అర్థమవుతుందేమో అని ఒక్క క్షణం అనిపించింది. నాలో నేనే నవ్వుకుని, గోడ పట్టుకుని లేచి, నీళ్ళు నేనే ముంచుకున్నాను.