లచ్చికి కొల్లేరు కూడదన్న ఏడాది

1936లో వానలకు ముందు నన్ను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు పశువుల ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జను. పేరుకు సర్జనునే గాని, కాంపౌండరు సెలవు పెడితే గిట్టలు కడిగేదీ నేనే. ఉద్యోగంలో చాలా ఊళ్ళు తిరిగాను. రిటైరయ్యాక బెంగపెట్టుకున్నది మాత్రం కొల్లేరు మీదే. ఇప్పటికీ ఎవరైనా ఆ వైపు నుంచి వస్తే, నీళ్ళెంత ఉన్నాయని ముందుగా అడుగుతాను.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక జట్కా తోలే గంగయ్య తన ఆడగుర్రం లచ్చిని నడిపించుకుని ఆసుపత్రికి వచ్చాడు. కడుపునిండా మేస్తూనే చిక్కిపోతోందన్నాడు. జ్వరం వస్తూ పోతూ ఉంది, కాళ్ళు వాచాయి. చెవి అంచున గుచ్చి, ఒక రక్తపు బొట్టు గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూశాను. ఎర్రకణాలను తోసుకుంటూ సన్నని క్రిములు మెలికలు తిరుగుతున్నాయి. ఆ జబ్బును సర్రా అంటారు. జోరీగ ఒక పశువు నెత్తురు తాగి, అదే మూతితో మరో పశువును కుట్టి అంటిస్తుంది. ఈ క్రిమికి దాయాది ఒకటి దక్షిణ అమెరికాలో అడవి జంతువుల్లో దాక్కుని, నల్లి జాతి పురుగు ద్వారా మనుషులకు చేరి గుండెను పాడుచేస్తుంది. దాన్ని చాగస్ జబ్బని చదువుకున్నాం.

లచ్చికి నరానికి సూదిమందు ఇచ్చి, ఈగలు చొరని గదిలో కట్టించాను. ఇక తేల్చవలసింది జబ్బు ఎక్కడిదన్నదే. ఏలూరులో మిగతా జట్కా గుర్రాలన్నీ బాగానే ఉన్నాయి. లచ్చి ఒక్కటే కొల్లేటి ఒడ్డున గంగయ్య చెల్లెలు మంగమ్మ దగ్గర ఉండొచ్చింది. బాడుగలు దొరకని వానాకాలంలో ఏటా అక్కడికి మేపుకు పంపేవాడు.

మంగమ్మకు భర్త పోయాడు, పిల్లలు లేరు. ఒక గేదె పాలమ్ముకుని, చేపల పనికి వెళ్ళి బతికేది. లచ్చి వచ్చే నెలల కోసం ఏడాదంతా దారి చూస్తుందని ఇరుగుపొరుగు వాళ్ళు ఆమెను ఆటపట్టించేవారు. నేను ఆ ఊరు వెళ్ళి, గుర్రాన్ని ఎక్కడ కట్టేదానివని అడిగితే పాక చూపించింది. ఈగలు గేదెల మీదే ఎక్కువ వాలతాయని, తన గేదెకూ పక్కింటి గేదెలకూ నడుమ కట్టి పొగ వేసేదట. ప్రేమకొద్దీ చేసిన పని. జబ్బు వచ్చింది అక్కడి నుంచే.

చూడబోతే గేదెలు నిగనిగలాడుతున్నాయి. మైక్రోస్కోపులో ఏమీ కనపడలేదు. పద్ధతి ప్రకారం వాటి రక్తం కుందేళ్ళకు ఎక్కించి, ఆ కుందేళ్ళ రక్తం రోజూ చూస్తూ వచ్చాను. కొన్నాళ్ళకు అదే క్రిమి బయటపడింది. మంగమ్మ గేదె ఒక్కటే కాదు, ఊళ్ళో చాలా గేదెల సంగతి అంతే. తాను జబ్బు పడకుండా క్రిమిని మోసే ఇలాంటి పశువును మా వృత్తిలో ఆశ్రయ పశువంటాం.

లచ్చి కోలుకుంది. దాన్ని ఇక కొల్లేటి వైపు తోలకూడదని జిల్లా వెటర్నరీ ఆఫీసరు ఆదేశమిచ్చారు. ఆ మాట చెప్పడానికి నేనే వెళ్ళాను. మంగమ్మ వల బాగుచేయడం ఆపి విన్నది. గేదెను అమ్మేస్తానంది. ఊరందరి గేదెల్లోనూ ఉందని చెప్పాల్సి వచ్చింది. మళ్ళీ వల అందుకుని తెగిన చోట ముడి వేయసాగింది. నాకు లేచి రాబుద్ధి కాలేదు.

"మరి నేనే దాని కాడికెల్తేనో అండీ?" అంది చివరికి. "రోజూ గేదె పాలు పిండే చేతులు కదండీ. ఈటితో ముట్టుకుంటే దానికి తగులుద్దాండీ?"

"తగలదమ్మా. ఇది ఈగ వల్ల వచ్చేది. నీ చేతులతో పోదు, నీకూ రాదు. నిక్షేపంగా వెళ్ళు."

"ఆయ్, అయితే ఎల్తానండీ" అని కళ్ళు తుడుచుకుంది.

మరుసటి వానల్లో ఆమెను ఏలూరు జట్కాల స్టాండు దగ్గర చూశాను. లచ్చి మెడ మీద చెయ్యేసి నిలబడి ఉంది. గేదెను పక్కింట్లో అప్పజెప్పి వచ్చిందట, మర్నాడే వెళ్ళిపోవాలంది. లచ్చితో గడిపే నెలలు కాస్తా రోజులయ్యాయి.

జబ్బు దాక్కున్న పశువును పట్టుకుంటే దేన్ని ఆపాలో తెలుస్తుంది. దేన్ని ఆపనక్కర్లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆ రెండోది పై నుంచి వచ్చే ఆదేశాల్లో ఉండదు. మనమే చెప్పి రావాలి.