ఆండాలు నెట్టిన బండి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. అందుకు గట్టి కారణమే ఉంది. మా కర్మన్‌ఘాట్ చుట్టుపక్కల తిరిగే దయ్యాల కథల్లో కొన్ని నేను పుట్టించినవే. నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్ పక్క రోడ్డు మీద పొద్దుగూకాక ఒక తెల్లచీర ఆవిడ లిఫ్ట్ అడుగుతుందన్నది నా కథే. దోస్తు ఒకడు మాటిమాటికి నా వ్యాను అడుగుతుంటే, వాడు అటువైపు తోలుకుపోకుండా అల్లాను. ఏడాది తిరక్కుండానే ఎల్బీ నగర్ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఎవరో కొత్తాయన అదే కథ నాకే చెప్పాడు, ఆవిడ కాళ్లకు మట్టెలు కూడా తొడిగి. మిఠాయి చేసేవాడు మిఠాయి తినడు. దయ్యాల విషయంలో నేనూ అంతే.

అందుకే ఇది చెబితే మా గల్లీలో ఎవరూ నమ్మలేదు. "యాదన్న కొత్తది మొదలువెట్టిండు" అని నవ్వారు. నా ముఖం చూసి తర్వాత నవ్వడం మానేశారు. నమ్మడం మాత్రం మొదలుపెట్టలేదు.

నాది పాత డీజిల్ వ్యాను. చిన్నదే. టెంటు హౌసుల సామాను, అంటే కుర్చీలు, గుండిగలు, షామియానాలు, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీ నగర్ ఫంక్షన్ హాళ్లకు తోలుతాను. పాత డీజిల్ బండి ఉన్నవాడికి వేరే రోగం అక్కర్లేదు. చలికాలం హీటర్ లైటు ఆరేదాకా తాళం పట్టుకుని కూర్చోవాలి. ఫిల్టర్లో గాలి చేరితే దిగి, బోల్టు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి ఆ గాలి తీయాలి. నాజిల్ పాడైతే నల్లపొగ, ఇంజన్ ఆయిల్ తాగితే నీలంపొగ, చలికి తెల్లపొగ. నా బండి మూడూ వదిలేది. బాలాపూర్ గణేశుని ఊరేగింపులో కూడా ఇన్ని రంగులుండవని చెప్పుకునేవాణ్ణి.

వీటన్నిటికంటే పెద్ద బాధ సెల్ఫ్. తాళం తిప్పితే సెల్ఫ్ మోటరు తిరిగేది కాని, దాని పళ్లు ఇంజన్ చక్రం పళ్లను పట్టుకునేవి కావు. ఆ చక్రం చుట్టూ ఉండే రింగు అరిగిపోయింది. మా మెకానిక్ ఖాజా భాయ్ ఒకటే మాట చెప్పేవాడు.

"గేర్‌బాక్స్ దించాలె అన్నా. రింగు మార్చాలె. బండి నా కాడ ఇడిసిపెట్టు."

"జర పెండ్లిళ్ల సీజన్ పోనీ భాయ్" అనేవాణ్ణి.

సీజన్లు పోయాయి. రింగు అలాగే ఉంది. మొదట్లో మా గల్లీ ఏటవాలుగా ఉండేది కాబట్టి బండిని పై చివర ఆపితే పొద్దున బ్రేకు వదిలితే చాలు, దొర్లుతూ స్టార్టయ్యేది. తర్వాత సీసీ రోడ్డు పోసి గల్లీని చదును చేశారు. అందరూ సంబరపడ్డారు. బయటైతే వాలు చూసి ఆపుకునేవాణ్ణి; ఇంటి దగ్గర మాత్రం ఆనాటి నుంచి బండి నెట్టే పని నా భార్య ఆండాలు మీద పడింది. మాకు పిల్లలు లేరు. ఉన్నది మేమిద్దరం, ఈ బండి.

నేను సీట్లో కూర్చుని సెకండ్ గేర్ వేసి, క్లచ్ తొక్కి, "ఆండాలూ, కానియ్" అని కేకేసేవాణ్ణి. ఆమె వెనక తలుపు మీద రెండు చేతులూ ఆనించి నెట్టేది. ఇంజన్ అందుకోగానే తలుపు మీద అరచేత్తో ఒక చరుపు చరిచేది, ఇక పొమ్మని. మా ఆండాలే నా బండికి సెల్ఫ్ అని నేను గల్లీ అంతా చెప్పేవాణ్ణి.

"పెండ్లినాడు ఏడడుగులేసినమంటడు" అని ఆమె ఎదురింటావిడకు వినబడేలా అనేది. "గీ బండెన్క ఎన్ని ఏసిన్నో ఆ దేవునికే ఎరుక. మీదికెల్లి నాకు సెల్ఫని పేరు వెట్టిండు, సిగ్గులేనోడు."

పొగ గొట్టం పక్కనే తలుపు కాబట్టి దాని నిండా మసి. నెట్టి లోపలికి వెళ్లేసరికి ఆమె అరచేతులు నల్లగా అయ్యేవి. సబ్బు అరుగుతోందని కూడా నన్నే తిట్టేది.

ఒకరోజు మధ్యాహ్నం బియ్యం ఏరుతూ పక్కకు ఒరిగింది. తలలో రక్తం గడ్డ కట్టిందన్నారు. ఎల్బీ నగర్ దాటాక ఉన్న ఒక దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ అయితే అయింది, కళ్లు మాత్రం తెరవలేదు. లేస్తుందని చెప్పలేం, లేవదనీ చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆండాలు చెల్లెలు సత్తెమ్మ పడక పక్కన ఉండిపోయింది. బండి తోలితేనే దవాఖాన నడుస్తుంది కాబట్టి నేను ఇంటికొచ్చాను.

మర్నాడు పాలవాళ్లు తిరిగే వేళ బండెక్కాను. కంటి మీద కునుకు లేదు. తాళం తిప్పాను. సెల్ఫ్ గర్రుమంది, పట్టుకోలేదు. అలవాటు చొప్పున గేర్ వేసి, క్లచ్ తొక్కి, తల బయటపెట్టి "ఆండాలూ, కానియ్" అని అరిచాను.

అరిచాక గుర్తొచ్చింది.

స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. అలా ఉండగానే బండి కదిలింది.

కొంచెం కదిలి, ఆగి, మళ్లీ కదిలింది. ఆండాలు నెడితే అలాగే ఉంటుంది. మొదటి నెట్టుకు కదలకపోతే చెప్పులు విప్పి పక్కన పడేసి, ఊపిరి పీల్చుకుని మళ్లీ నెట్టేది. మగవాళ్లు నెడితే బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ తేడా సీట్లో కూర్చున్నవాడి నడుముకు తెలుస్తుంది. నా కాలు దానంతటదే క్లచ్ వదిలింది. ఇంజన్ అందుకుంది. వెనక తలుపు మీద ఒక చరుపు పడింది.

అద్దంలో చూశాను. గల్లీ ఆ చివరిదాకా ఖాళీ. గేట్లకు వేలాడే పాల సంచులు తప్ప ఏమీ లేవు.

ఎవరో పక్కింటి మనిషి నెట్టి లోపలికి పోయి ఉంటాడనుకున్నాను. అందరినీ అడిగాను. ఎవరూ కాదు. రోడ్డులో వాలు మిగిలి ఉందేమోనని బండి ఆగే చోట ఒక నిమ్మకాయ పెట్టి చూశాను. అది అంగుళం కూడా కదల్లేదు. ఎదురింటివాళ్లు మాత్రం చేతబడి అనుకుని ఆ రోజంతా గేటు తీయలేదు.

కొత్తపేటలో సామాను దించి దవాఖానకు వెళ్తే, నర్సు నా మీద విరుచుకుపడింది. భీమవరం వైపు అమ్మాయి.

"ఏమండీ, పేషెంటు చేతులకి ఈ మసేంటండీ? రాత్రి నేనే తుడిచి వెళ్లాను. ఇలాగైతే ఇన్ఫెక్షన్ రాదా అండీ?"

ఆండాలు అరచేతులు నల్లగా ఉన్నాయి. వేళ్ల మడతల్లో కూడా మసి. నా చేతులదే అంటిందమ్మా అని అబద్ధం చెప్పాను. నేను ఆమెను ముట్టుకుని రాత్రంతా గడిచిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కేకేస్తాను, బండి కదులుతుంది. మనుషులను పిలిచి నెట్టించుకోవచ్చు. పిలవలేదు. గల్లీలో బండి నెట్టే బలం ఉందంటే మంచం మీంచి లేచే బలం కూడా ఉన్నట్టే కదా అనుకున్నాను. భార్య అలా పడి ఉంటే మొగుడు పొద్దెప్పుడు పొడుస్తుందా అని ఎదురుచూడటం వినడానికి బాగుండదు. కాని నేను ఎదురుచూశాను.

ఒకనాడు సత్తెమ్మే చెప్పింది, నేనేమీ అడగకుండానే.

"బావా, పొద్దుగాల అక్కకు ఏమైతుందో ఏమో. కాళ్లు రెండు మంచం పట్టెకు తన్నిపట్టుకుంటది. ఆయాసపడ్తది. గౌను మొత్తం చెమటకు తడుస్తది. తర్వాత మళ్ల గమ్మున పంటది."

అప్పుడు బండి సంగతి చెప్పాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"నీ కథలు ఈడ గూడనా బావా? అక్క చావుబతుకుల మీదుంటే?"

ఆమె నమ్మాలని నాకు పట్టుదల వచ్చింది. బండి వెనక తలుపు తుప్పు పట్టి ఉంది, ఎలాగూ రంగు వేయాలి. ఆ సాయంత్రం మసి అంతా గీకేసి, తుప్పు ఆపే ఎర్రరంగు పూశాను. మందంగా పూశాను, తెల్లారేసరికి ఆరకుండా. మర్నాటి ఫంక్షన్‌కు గుండిగలు, ఇనుప పొయ్యిలు అప్పటికే బండిలో ఎక్కించి ఉన్నాయి. నిండు బండిని ఆండాలు ఎన్నడూ నెట్టలేదు. అంత బరువు నెట్టడం ఆమె వల్ల కాదు కూడా. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

పొద్దున కేకేశాను. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత బండి వెంట్రుకవాసి కదిలి ఆగింది. మళ్లీ కదిలి ఆగింది. దిగిపోదామని తలుపు మీద చేయి వేశాను. అప్పుడు బండి ముందుకు సాగింది. ఇంజన్ అందుకుంది. ఆ రోజు చరుపు పడలేదు.

తిన్నగా దవాఖానకే వెళ్లాను, సామాను దించకుండా.

"బుద్ధుందా అండీ మీకు?" అంది నర్సు. "ఈ స్థితిలో ఉన్న మనిషికి గోరింటాకు పెడతారా?"

ఆండాలు అరచేతులు ఎర్రగా ఉన్నాయి. దగ్గరికి వంగితే రంగు వాసన. సత్తెమ్మ రాత్రంతా అక్కడే కూర్చుని ఉంది. ఆమె ఆ చేతులను చూసింది, నన్ను చూసింది. తగ్గు గొంతుతో అంది:

"అక్కను ఇప్పుడన్న పండుకోనియ్యవా బావా?"

ఆ మధ్యాహ్నం ఆండాలుకు జ్వరం పెరిగింది. సాయంత్రానికి ఊపిరి మిషను పెట్టారు.

దవాఖాన ముందు వాలులో ఆపిన బండిని దొర్లించి స్టార్టు చేసి, ఖాజా భాయ్ షెడ్డుకు తోలుకుపోయాను. ఇప్పుడే గేర్‌బాక్స్ దించమన్నాను. ఆయన వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

"పచ్చి రంగు మీద చేతులు పెట్టింది ఎవలు అన్నా?"

రెండు అరచేతుల అచ్చులు, నా నడుము ఎత్తులో. ఆండాలు పొట్టిది. ఖాజా భాయ్ తన చేయి వాటి ముందు పెట్టి చూశాడు. ఆయన వేళ్లు బాగా బయటికి వచ్చాయి.

"ఆడమనిషిది" అన్నాడు. నేను కథ చెప్పకుండా ఊరుకోవడం ఆయన చూడటం అదే మొదటిసారి.

బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఆండాలు చేతులు శుభ్రంగా ఉన్నాయి. పొద్దున ఆయాసం లేదు, చెమట లేదు. జ్వరం దిగింది, మిషను కూడా తీసేశారు. సత్తెమ్మ నాతో మళ్లీ మాట్లాడింది. ఇన్నాళ్లకు ఒక మంచి పని చేశాననుకున్నాను. ఆ పని ముందే చేయించి ఉంటే అన్న ఆలోచన వచ్చేది కాని, దాన్ని తోసేసేవాణ్ణి.

కొత్త రింగు వేశారు. సెల్ఫ్ కూడా విప్పి బాగు చేశారు. బండి ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున ఎప్పటి వేళకే ఎక్కాను. తాళం తిప్పాను. తిప్పడమే ఆలస్యం, ఇంజన్ అందుకుంది. ఎవరినీ పిలవలేదు. గేర్ వేసి గల్లీ దాటి మెయిన్ రోడ్డు ఎక్కాను. అద్దంలో చూడలేదు కూడా.

దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఫోను మోగింది. సత్తెమ్మ ఏడుస్తోంది.

తర్వాత ఆమె చెప్పిందే రాస్తున్నాను, ఒక్క మాట కలపకుండా. ఆ వేళకు అక్క కాళ్లు మంచం పట్టెకు తన్నిపట్టింది. రెండు చేతులూ పడక మీదినుంచి లేపి, అరచేతులు ముందుకు చాచింది. ఆపరేషన్ అయ్యాక ఆ చేతులు పైకి లేవడం అదే మొదలు. సత్తెమ్మ సంతోషంతో నర్సును కేకేసింది. ఆ చేతులు గాలిలో ముందుకు వెళ్లాయి, అటూ ఇటూ తడిమాయి. దేన్నో ఆనించుకోవాలని చూసినట్టు, అది అక్కడ లేనట్టు. చాలాసేపు తడిమి, పడక మీద పడిపోయాయి. నర్సు వచ్చేసరికి అయిపోయింది.

చనిపోయేముందు అలాంటి కదలికలు మామూలేనన్నాడు డాక్టరు. అయి ఉండవచ్చు. ఎర్రరంగు గురించి అడిగితే నా ముఖం చూసి, ఇంటికి వెళ్లి పడుకోండి అన్నాడు.

నేను పోయేసరికి ఆమె అరచేతులు పైకి తిరిగి ఉన్నాయి. మసి లేదు, రంగు లేదు. పెండ్లయినప్పటి నుంచి ఆ చేతులు అంత శుభ్రంగా ఉండగా నేను చూడలేదు.

బండి నెట్టీ నెట్టీ ఆమె అరిగిపోతోందని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట కూడా నమ్మకంగా అనలేను. నెట్టడానికి ఆ బండి ఒకటి ఉండబట్టే అన్నాళ్లు నిలిచిందేమో. ఆనాడు పొద్దున ఆమె వచ్చేసరికి బండి వెళ్లిపోయిందేమో. ఖాజా భాయ్‌ను అడిగితే తల వంచుకుని స్పానరు తుడుచుకుంటాడు. సత్తెమ్మ మా ఇంటికి రావడం మానేసింది.

వెనక తలుపుకు మళ్లీ రంగు వేయించలేదు. బండి అమ్మలేదు, అమ్మినా ఎవరూ కొనరు. రోజూ పొద్దున తాళం తిప్పుతాను. మొదటి తిప్పుకే స్టార్టవుతుంది.