బురద చిప్పలు

ఆమెను అందరూ చిప్పలమ్మ అనేవారు. నడుము లోతు నీళ్ళలో నిలబడి, కాలివేళ్ళతో ఏటి అడుగు తడిమి ఆల్చిప్పలు తీసేది. కళ్ళతో పనిలేదు. వేలు తగలగానే బతికున్న చిప్ప నోరు మూసుకుంటుంది. ఆ చిన్న కదలిక ఆమెకు చాలు.

ఏరంతా ఒకటి కాదని ఆమె పాదాలకు తెలుసు. వడి ఉన్నచోట రాళ్ళకు పలచటి పురుగులు కరుచుకుని ఉంటాయి. చెట్ల నీడన, కుళ్ళిన ఆకుల్లో, పుల్లలతో గూడు కట్టుకునేవి ఉంటాయి. వంపు దగ్గర గులకరాళ్ళ సందుల్లో నీరు ఆడుతుంది. చిప్పలు అక్కడ నిలువునా పాతుకుని ఉంటాయి.

ఆ ఏడాది వానల తర్వాత వంపు దగ్గర కాలు మెత్తగా దిగబడింది. సందులన్నీ పూడిపోయాయి. వేళ్ళ మధ్య సన్నటి ఎర్ర పురుగులు మెదిలాయి. బురద ఉంటే చాలు వాటికి. చిప్పలు తగిలాయి, కదల్లేదు. బరువుగా ఉన్నాయి కదా అని బుట్టలో వేసుకుంది.

కోడలు వాటిని ఉడికించింది. ఒక్కటీ విచ్చుకోలేదు. కత్తి పెట్టి తెరిస్తే లోపల నల్లటి బురద.

"మొత్తానికి మా చేతికి చిప్పే ఇచ్చారు అత్తయ్యా."

కుట్టుమిషను పెట్టుకోవడానికి కోడలికి అత్త పడుకునే మూల కావాలి. చిప్పలు వచ్చినన్నాళ్ళూ ఆ మూల అత్తది. రాకపోతే ఆమె కూతురింటికి పోవాలి. అక్కడ ఆమెను చూస్తే అల్లుడు కంచం ముందు నుంచి లేచిపోతాడు.

"కొండ మట్టి దిగుతోందే. అడుగంతా ఊపిరాడక చచ్చింది," అందామె.

కొడుకు తింటున్నవాడు ఆగాడు. ఎగువన కొండవాలు మీద చెట్లు కొట్టేశాక, మట్టి తవ్వే పొక్లెయిన్ నడిపేది అతనే.

"మట్టి కాదమ్మా. నీ కాళ్ళు మొద్దుబారాయి."

"నా కాళ్ళా? ఒరేయ్, చీమ ఎక్కితే ఆడదో మగదో చెప్తాయిరా ఇవి! రేపు ఊళ్ళో అందరినీ ఏట్లోకి దింపుతా. తొక్కి చూస్తే వాళ్ళకే తెలుస్తుంది. నీ తవ్వకం ఆపాల్సిందే."

కోడలు నవ్వింది. కొడుకు చెయ్యి కడుక్కొచ్చాడు.

"కళ్ళు మూసుకో. నేను ముట్టుకున్న వేలేదో చెప్పు."

ఆమె మంచం మీద కాళ్ళు చాపింది. జవాబు ముందే తెలిసిన పిల్లలా కళ్ళు మూసుకుంది.

అతను బొటనవేలు తాకాడు.

"బొటనవేలు."

"కాదు. దాని పక్కది."

"ఎగతాళా?"

"నిజం. మళ్ళీ చెప్పు."

ఈసారి చిటికెన వేలు పట్టుకుని నొక్కాడు.

"చిటికెన వేలు. మెల్లగారా, నొప్పి!"

"నేనింకా ముట్టుకోనేలేదమ్మా."

అతని వేళ్ళ మధ్య ఆ గోరు తెల్లగా పాలిపోయింది. కోడలు చూసింది. కుండ తీసుకుని తోమడానికి వెళ్ళిపోయింది.

ఆమె కళ్ళు తెరవకుండానే అడిగింది.

"అంతేనంటావా?"

"అంతేనమ్మా."

మర్నాడు పొద్దున్నే కొడుకు ఆమె మూట పట్టుకుని ముందు నడిచాడు. కూతురింటి దారి ఏటి పక్కనే. నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. ఆమె అటు చూడలేదు. ఒక్కో కాలు నేలకు ఆనిందో లేదో వంగి చూసుకుని, రెండోది ఎత్తుతోంది.

"తొందరగా రామ్మా. నాకు పనికి టైమవుతోంది."

ఆమె అడుగు పెంచింది. కంకర రాయి అరికాల్లో గుచ్చుకుంది. ఆ నొప్పిని ఆమె నమ్మలేదు.