శామీర్‌పేట ఒండ్రులో దక్షిణం

వానలు సరిగా పడని ఆ ఏడాది శామీర్‌పేట చెరువు చాలామేర ఎండిపోయింది. ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ ప్రాజెక్టు కోసం నేనూ, ఆ ఊరివాడే అయిన నా సహాధ్యాయీ ఎండిన చెరువు అడుగున నిలువులోతు గొయ్యి తవ్వించాం.

నీళ్లతో కొట్టుకొచ్చే ఒండ్రులో ఇనుప ఖనిజపు సన్నటి రేణువులుంటాయి. అవి మెల్లగా అడుక్కి దిగుతూ దిక్సూచి ముల్లులా భూమి అయస్కాంత క్షేత్రం వైపు తిరుగుతాయి. పైన మరో పొర పడ్డాక కదలలేవు. ఆ మట్టిని ప్లాస్టిక్ డబ్బీలోకి తీసి, డబ్బీ మీద దిక్సూచి చూపే ఉత్తరానికి బాణం గీసి, ల్యాబులో కొలిస్తే ఆనాటి ఉత్తరం తెలుస్తుంది. మొదటి రోజు గోతి పైసగం తీశాం. మర్నాడు మబ్బులో కింది సగం తీశాం. తర్వాత వానలొచ్చి గొయ్యి మునిగిపోయింది.

ల్యాబులో పైసగం డబ్బీలన్నీ ఉత్తరం చూపించాయి. కింది సగంలో మొదటిది దక్షిణం చూపింది. మళ్లీ కొలిచాను. దక్షిణమే. మిగతావీ అంతే. భూమి క్షేత్రం తిరగబడటం కొత్త కాదు, సముద్రాల అడుగు మట్టిలో ఎన్నోసార్లు నమోదైంది. కానీ చివరిసారి పూర్తిగా తిరగబడి ఏడు లక్షల ఏళ్లు దాటింది. ఈ చెరువు మనుషులు కట్టింది, మహా అయితే కొన్ని వందల ఏళ్లది.

"ఏంది భై, మా చెర్ల భూమి ఉల్టా అయిందా?" అని నవ్వబోయిన మావాడు నా చేతిలోని అంకెలు లాక్కుని చూశాడు.

గైడ్ మా లెక్కలు చూశారు. "ఈ చెరువు కట్టాక ఉత్తరం దక్షిణమైతే ఎవరో ఒకరు చెప్పుకునేవారు కదయ్యా. సోమవారానికి కారణం చెప్పండి. లేదా కింది సగం వదిలేయండి."

అది వదిలేస్తే ప్రాజెక్టు చాలదు. మా ఇద్దరికీ ఏడాది పోతుంది.

ఇద్దరం అల్వాల్‌లో మా ఇంటికొచ్చాక అంకెలు మళ్లీ వరసగా రాశాను. క్షేత్రం నిజంగా తిరగబడితే దిక్కూ, వాలూ రెండూ మారాలి. మన ప్రాంతంలో అది ఉత్తరానికి చూస్తూ కాస్త కిందికి వాలుతుంది. తిరగబడితే దక్షిణానికి చూస్తూ పైకి లేవాలి. మా డబ్బీలు దక్షిణానికి చూస్తూ కిందికే వాలాయి. అంటే తప్పింది భూమి కాదు, మేం గీసిన బాణం.

"రెండోరోజు గొయ్యి దగ్గరికి తెచ్చేటప్పుడు దిక్సూచి ఎక్కడ పెట్టావురా?" అని మావాణ్ని అడిగాను.

"ఆటోల. మా అన్న పెండ్లికి మైకులు తీస్కపోతుండె గద. జాగ లేక గా మైకు హారన్ ఎనక ఆనిచ్చిన."

హారన్ వెనక ఎంత అయస్కాంతం ఉంటుందో, దానికి ఆనిస్తే దిక్సూచి ముల్లు కొసలు ఎలా తారుమారవుతాయో పరీక్షలో రాసినవాళ్లం. దిక్సూచి పట్టుకుని మేడెక్కాం. ఉత్తరాన మేడ్చల్ వైపు ఆగాల్సిన ఎర్ర మొన దక్షిణాన సికింద్రాబాద్ వైపు తిరిగి ఆగింది. తట్టాను. ఊగి, అక్కడే ఆగింది. నిలువులోతు గోతిలో, నీడతో దిక్కు సరిచూసుకోవడానికి ఎండ లేని రోజున, అది చూపిందే ఉత్తరమనుకుని గీశాం.

కింది డబ్బీల దిశలన్నీ సగం చుట్టు తిప్పితే పైవాటితో కలిసిపోయాయి. సోమవారం గైడ్ దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"కింది సగం ఉంచండి," అన్నారు చివరికి. "ఎందుకు తిప్పారో మొదటి పేజీలోనే రాయండి."

బయటికొచ్చాక మావాడు మెల్లగా అడిగాడు. "పెండ్లి మైకుల ముచ్చట గుడ రాయాల్నా, భై?"

"అదే రాయాలి," అన్నాను.