పెట్టెల్లో చిమ్మటల జంట

మా ఇంటిల్లిపాది మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. అచ్చంపేట నుంచి వస్తుంటే బస్సులో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి రెండు పెట్టెలు తెరిచాడు. ఒకదాంట్లో రెక్కలు పరిచి సూదితో గుచ్చిన ఇటుకరంగు అడవి చిమ్మట, ఇంకోదాంట్లో పసుపుపచ్చది. మూతల మీద వేరువేరు జాతుల పేర్లున్నాయి.

నా పక్కన కూర్చున్న, మేకలు కాసే మా అక్క తొంగిచూసి నవ్వింది. "గిదేంది సారూ, మొగుణ్ని పెండ్లాన్ని వేరుపెడితివి?"

"వేరే జాతులమ్మా. నాలుగేళ్లు కష్టపడి తేల్చాను. రంగు చూడు."

"రంగుదేముంది? మీసాలు గుబురుగున్నది మొగది. గివి అడవిల జతకట్టంగ నా కండ్లతోని చూసిన."

ఆయన భూతద్దంతో మీసాలు చాలాసేపు చూశాడు. కల్వకుర్తిలో దిగేముందు మా అక్కకు వంగి దండం పెట్టాడు.

దండం మాత్రం నా కల్పన. నిజానికి ఆయన రెండో పెట్టె మీది పేరు కొట్టేసి, పుస్తకం తెరిచి, "నీ పేరు ఇంటిపేరుతో సహా చెప్పమ్మా, రాసుకోవాలి" అన్నాడు.