కిటికీలోంచి చెప్పులు

చిక్కపేటలో, మేడ మీదున్న ఒక చీరల కొట్టులో నేను లెక్కలు రాసేవాణ్ణి. అక్కడ చీరలు చూపించే ఒకావిడ నోటి వెంట ‘కాదు’ అన్న మాట ఎప్పుడూ వినలేదు. ఎవరెంత విడ్డూరంగా బేరమాడినా “అట్లే కానీలేమ్మా” అని మొదలుపెట్టి, చివరికి తాననుకున్న ధరకే చీర పొట్లం కట్టి పంపేది.

తొంభైలలో, ఒక పెళ్ళిళ్ళ సీజనులో, మధ్యాహ్నంపూట వెనక గదిలో కరెంటు బోర్డు అంటుకుంది. పరుపుల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి మెట్ల వైపు ఉరికారు. దిగడానికి ఉన్నది ఆ ఇరుకు మెట్లదారి ఒక్కటే. చెప్పులు విడిచేది కూడా అక్కడే. వెనక నుంచి పొగ కమ్ముకొస్తున్నా, అందరూ వంగి ఎవరి జత వాళ్ళు వెతుక్కుంటున్నారు. దారి మూసుకుపోయింది.

“చెప్పులు వదిలేసి దిగండి!” అని యజమాని అరిచాడు. ఎవరూ వినలేదు.

చీరలు చూపించే ఆవిడ మాత్రం అరవలేదు. చెప్పుల్ని చేతులనిండా ఎత్తి, మెట్ల పక్క కిటికీలోంచి వీధిలోకి విసిరేసింది. కింద కూలివాళ్ళు తిట్లు అందుకున్నారు.

“అందరివీ రోడ్డు మీద ఉండాయి, పోయి తీసుకోండమ్మా!” అంది ఆవిడ.

“అయ్యో, నావి కొత్తవే!” అంది ఒక పెళ్ళికూతురి తల్లి.

“అయితే బేగి దిగు తల్లీ, ఎవరన్నా తొడుక్కుని పోతారు!”

మెట్ల మీద జనం కదిలారు. చూస్తుండగానే కొట్టు ఖాళీ అయింది. అందరికన్నా ఆఖరున ఆవిడ దిగింది.

పైన కిటికీలు పొగ కక్కుతున్నాయి. కింద, ఒంటి మీద ఒక్క మచ్చ పడని ఆడవాళ్ళు నడిరోడ్డు మీద ఆ జత నాదంటే నాదని పోట్లాడుకుంటున్నారు. చెవికి అంత కమ్మటి గొడవ నేను మళ్ళీ వినలేదు.