దీపం పెట్టే వేళకు ఆగే వైఫై

కేసముద్రంలోని మా ఇంటికి వైఫై పెట్టించింది నా కూతురు. డబ్బా ఒక్కటే అయినా దాన్నుంచి రెండు పేర్లతో నెట్టు వస్తుందట. ఒకటి ఇంట్లోవాళ్లకు, రెండోది వచ్చిపోయేవాళ్లకు. రెండోదానికి వేళ కూడా పెట్టవచ్చని, ఆ వేళకు దానంతట అదే ఆగుతుందని నా ఫోన్‌లో చూపించింది. మళ్లీ ఇవ్వాలంటే ఎక్కడ నొక్కాలో రెండుసార్లు నొక్కించి మరీ నేర్పింది.

"అయితే పొద్దుగూకంగనే ఆగేటట్టు పెట్టు" అన్నాను.

"ఎందుకే?"

"దీపం పెట్టినంక ఇంట్లకెల్లి ఏదీ బయటికియ్యద్దు."

"నెట్టేమన్న పెరుగా అమ్మా, తోడుకు ఇయ్యనీకి!" అని పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఆరు గంటలకు పెట్టింది.

మా అత్త దీపం పెట్టాక ఉప్పు గాని, పెరుగు గాని, సూది గాని ఎవరడిగినా ఇచ్చేది కాదు. నేనూ ఇవ్వను. నెట్టు కూడా ఇంట్లోంచి పోయేదే కదా అనుకున్నాను.

మా చేనులో పత్తి ఏరడానికి తండా నుంచి వచ్చే ఆమెకు ఒక కూతురుంది. ఇంటర్ అయింది, నర్సింగు చదవాలని ఆశ. తండాలో సిగ్నల్ అందదు కాబట్టి మా అరుగు మీద కూర్చుని ఆ రెండో నెట్టుతో ఫోన్ చూసుకునేది. ఆ రోజు తల్లితోపాటు పత్తి ఏరి, ఐదు దాటాక వచ్చింది. ఏ కాలేజీ ముందు కావాలో, ఏది తర్వాతో ఫోన్‌లో వరుసగా పెట్టాలట.

నేను దీపం వెలిగించి వచ్చేసరికి గడప దగ్గర నిలబడి ఉంది.

"పెద్దమ్మా, నెట్టు పోయింది. జర చూడరాదే! ఇయ్యాల్నే ఆఖరు, ఏడింటికి మూస్తరట. పది నిమిషాలైతే అయిపోతది."

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఇంట్లోవాళ్ల నెట్టు బాగానే వస్తోంది.

"అది గట్లనే పోతది బిడ్డా. మనం జేసేదేముంది? రేపు పొద్దుగాల రా" అన్నాను.

"రేపుండదు పెద్దమ్మా."

చెప్పులేసుకుని బజారులోని నెట్ సెంటర్‌కు ఉరికింది. అక్కడ జనం నిండి ఉన్నారట. వంతు వచ్చేసరికి ఏడు దాటింది.

ఈ సంగతి కొన్నాళ్ల తర్వాత చేనులో తెలిసింది. పిల్ల కూడా తల్లి పక్క సాలులోనే పత్తి ఏరుతోంది.

"సీటేమాయె?" అని తల్లిని అడిగాను.

"యాడి సీటు పెద్దమ్మా! దాని నసీబు. నెట్టు గప్పుడే పోవాల్నా?"

"పెద్దమ్మేం జేస్తది తియ్యే అమ్మా" అంది ఆ పిల్ల, తలెత్తకుండానే.

పోలేదు బిడ్డా, నేనే ఆపిన అనే మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను.

ఏడాది కావస్తోంది. మళ్లీ కాలేజీలు ఎంచుకునే రోజులు వస్తున్నాయి. ఆ పిల్ల మా అరుగు ఎక్కడం మానేసి, నెట్ సెంటర్‌కే పోతోంది. నేను ఇంకా చెప్పలేదు.